చక్రానికి దూలం కట్టొద్దు తమ్ముడూ: అడుసులో ట్రాక్టర్ గురించి

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదీ. శ్రీకాళహస్తి దగ్గర చెరువు కింద మూడెకరాల మడి ఉంది. పాత 45 హార్స్‌పవర్ టూ వీల్ డ్రైవ్ బండి కొన్నావు. ఈ విశాఖ కార్తె వానలకు ఒకే మూలలో రెండుసార్లు దిగబడింది. రెండోసారి జేసీబీ వచ్చి లాగితే గానీ బయటపడలేదు. పక్క చేని పెద్దాయన "ఈసారి దిగబడితే వెనక చక్రాలకు దూలం కట్టు, దానంతటదే ఎక్కొస్తుంది" అన్నాడు. అది చేయొచ్చా? బండి అమ్మేసి ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోవాలా? వాన వెలిసిన ఎన్నాళ్ళకు దుక్కికి దిగాలి?

ఏర్పేడు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఇరవై ఆరేళ్ళుగా బాడుగకు దున్నుతున్నాను. స్వర్ణముఖి ఒడ్డు ఇసుక నేలలూ దున్నాను, చెరువు కింద బంకమట్టీ దున్నాను. మిగతావన్నీ నిదానంగా చెబుతాను. దూలం మాట మాత్రం ముందు చెప్పాలి, ఎందుకంటే అది ప్రాణం మీదికి వచ్చే పని.

దూలం కట్టొద్దు. ఎవరు చెప్పినా కట్టొద్దు. ఆ పెద్దాయన నీ మేలు కోరే చెప్పుంటాడు, ఆయన కట్టినప్పుడు బండి పైకి వచ్చే ఉంటుంది. పదిసార్లు వస్తుంది కూడా. పదకొండోసారి ఏమవుతుందో నేను చూశాను.

2003లో, నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఒక చెరువు కింద కయ్యలో, అంటే చిన్న మడిలో, 35 హార్స్‌పవర్ బండి దిగబడింది. సందేళ. ఊళ్ళోవాళ్ళు నలుగురు సరుగుడు దూలం మోసుకొచ్చి రెండు వెనక చక్రాలకూ అడ్డంగా పెట్టి గొలుసుతో బిగించారు. నేనెక్కి ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలాను. చక్రంతోపాటు దూలం కిందికి తిరిగింది, అడుసు దాటి గట్టి నేలకు ఆనింది. చక్రం ఆగిపోయింది. ఇంజన్ మాత్రం ఆగలేదు. బానెట్ లేస్తోందని నాకు ఆ క్షణాన తెలియలేదు. ఎదురుగా కనిపిస్తున్న చెరువు కట్ట కనపడకుండా పోయి మబ్బు కనిపించింది. స్టీరింగ్ ఒక వేలితో తిప్పేంత తేలికైపోయింది, ఎందుకంటే ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. భయానికి కాళ్ళు బిగుసుకుపోయి చాచాను, ఎడమ కాలు క్లచ్ మీదే ఉన్నందువల్ల అది నొక్కుకుపోయింది. ముందు భాగం ధబీమని కిందపడి ఇరుసు సపోర్టు పగిలింది. వెనక మా పిన్నమ్మ కొడుకు, పద్నాలుగేళ్ళవాడు, మడ్‌గార్డు పట్టుకుని తోస్తున్నాడు. వాడు అడుసులో అట్లాగే కూలబడిపోయాడు, చాలాసేపు నోట మాట రాలేదు. ఇంకో అరక్షణం క్లచ్ నొక్కుకోకపోయి ఉంటే బండి నా మీదా వాడి మీదా పడేది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఎందుకట్లా జరుగుతుందో అర్థమైతే నువ్వే ఎవరినీ ఆ పని చేయనివ్వవు. ఇంజన్ బలం పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం ద్వారా క్రౌన్ అనే పెద్ద పళ్ళ చక్రానికి, అక్కడి నుంచి వెనక ఇరుసుకు వెళ్తుంది. చక్రం తిరిగే వీలుంటే తిరుగుతుంది. అడుసు పట్టేసో, దూలం అడ్డుపడో చక్రం తిరగలేకపోతే బలం పోయే దారి ఇంకొకటి వెతుక్కుంటుంది. పినియన్ క్రౌన్ మీదికి ఎక్కడం మొదలుపెడుతుంది. అంటే ఇరుసు చుట్టూ చక్రం తిరగాల్సింది పోయి, ఇరుసు చుట్టూ బండే తిరుగుతుంది. ముక్కు లేస్తుంది, వెనక్కి పడుతుంది. ముక్కాలు సెకండు దాటితే ఇక డ్రైవరు ఏం చేసినా ఆగదు, మొత్తం ఒకటిన్నర సెకండులో అయిపోతుంది. మనిషి "అయ్యో" అనుకుని క్లచ్ కోసం కాలు వెతుక్కునే లోపలే ముగిసిపోయే పని అది. కాబట్టి "నేను జాగ్రత్తగా ఉంటాలే, లేస్తే క్లచ్ తొక్కేస్తాలే" అనుకోవద్దు. నేను తొక్కలేదు, అది నొక్కుకుపోయింది.

ఇదే కారణంతో ఇంకో పని కూడా చేయొద్దు. నీ బండితో వేరే బండిని లాగేటప్పుడు గొలుసు టాప్ లింక్ (వెనక పనిముట్టును పైన పట్టే కడ్డీ) దగ్గరో, వెనక ఇరుసు పైనో కట్టొద్దు. కింద ఉండే డ్రాబార్‌కే (లాగే కడ్డీకే) కట్టాలి. లాగే చోటు ఇరుసు కన్నా పైనుంటే బండి ముక్కు లేవడానికి మనమే సాయం చేసినట్టు.

సరే, దూలం వద్దంటే మరి ఏం చేయాలి?

దిగబడిన మొదటి పది సెకండ్లలో నువ్వు చేసేదాని మీదే మిగతా సాయంత్రమంతా ఆధారపడి ఉంటుంది. బండి ముందుకు పోకుండా చక్రం ఒక చుట్టు ఖాళీగా తిరిగిందని తెలిసిన వెంటనే కాలు యాక్సిలరేటర్ మీదినుంచి తీసేయ్. మన చెయ్యి వెంటనే గేరు మార్చి ఇంకాస్త రేజ్ చేయమంటుంది. ఆ మాట వినొద్దు. చక్రం ఉన్నచోటే తిరిగే ప్రతి చుట్టూ నాలుగు వేళ్ళ గుంత తవ్వుతుంది, పైగా ఆ గుంత గోడలను నున్నగా పూసేస్తుంది. నీ బండి పొట్టకీ నేలకీ మధ్య ఉండేది అడుగుకు కాస్త పైన. పొట్ట ఆనిందంటే బరువంతా పొట్ట మీదికి పోతుంది, చక్రాలకు నేల మీద పట్టే ఉండదు. అప్పుడు ఎంత హార్స్‌పవర్ ఉన్నా ఒకటే. నీ బండిని జేసీబీ లాగాల్సి వచ్చిందంటే ఈ పొట్ట ఆనడమే జరిగుంటుంది.

ఆపావు కదా, రోటవేటర్ (వెనక తిరిగే బ్లేడ్లతో మట్టి కోసే పనిముట్టు) తిరగడం ఆపి కాస్త పైకెత్తు. ఎదురుగా కాకుండా వచ్చిన దారినే వెనక్కి పోవడానికి చూడు. నువ్వు వచ్చిన జాడ నీ బరువును ఒకసారి మోసిన నేల, ముందున్నది ఇంకా తెలియని నేల. డిఫరెన్షియల్ లాక్, అంటే వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేటట్టు చేసేది, చక్రాలు రెండూ ఆగి ఉన్నప్పుడే వెయ్యి. ఒక చక్రం గిర్రున తిరుగుతుండగా తొక్కితే లోపల పళ్ళు విరుగుతాయి, ఆ ఖర్చు జేసీబీ బాడుగ కన్నా చాలా ఎక్కువ. లాక్ వేశాక స్టీరింగ్ తిప్పొద్దు, నేరుగానే రావాలి. లాక్ పనిచేయని పాత బండి అయితే ఇంకొక ఉపాయం ఉంది. ఏ చక్రం ఖాళీగా తిరుగుతోందో ఆ పక్క బ్రేకును మెల్లగా నొక్కి పట్టు. అప్పుడు బలం రెండో చక్రానికి పోతుంది. మెల్లగా అన్నాను, పూర్తిగా తొక్కి ఆపేయమనలేదు. గేరు మరీ చిన్నది వేయకుండా, ఇంజన్ తక్కువ స్పీడులో, క్లచ్ నిదానంగా వదలాలి. ఒకసారి ప్రయత్నించు, రెండోసారి ప్రయత్నించు. మూడోసారి వద్దు. దిగి పార తీసుకో.

తవ్వేటప్పుడు అందరూ చేసే తప్పు చక్రం ముందు మాత్రమే గుంత తీయడం. చక్రం ఎటు కదలాలో అటు వాలుగా, కొండ ఎక్కే దారిలాగా తీయాలి. పొట్ట కింద కూడా తీయాలి, కష్టమే కానీ అసలు పని అదే. చక్రం పక్కల నుంచి కూడా కొంచెం మట్టి తీస్తే అడుసు పట్టి పీల్చే పట్టు వదులుతుంది. కయ్యలో నీళ్ళు నిలబడి ఉంటే గెనిమ (మడి గట్టు) తెగ్గొట్టి కిందికి వదిలేయ్. తరువాత వాలులో ఏదైనా పరవాలి: గోనె సంచులు, తాటి కమ్మలు, కొబ్బరి మట్టలు, చెరకు ఆకు, ఎండుగడ్డి కట్టలు. సరుగుడు కట్టెలు ఉంటే అవి కూడా మంచివే, చక్రానికి కట్టకుండా చక్రం కింద, దారికి అడ్డంగా వరసగా పరవాలి, రైలు పట్టాల కింద స్లీపర్లు పరచినట్టు. ఆ రెండింటికీ తేడా చూడు. చక్రానికి కట్టిన కట్టె చక్రాన్ని ఆపుతుంది, నేల మీద పరచిన కట్టె చక్రాన్ని మోస్తుంది. గట్టు మీద దొరుకుతుంది కదాని ముళ్ళకంప మాత్రం తోయొద్దు, ముందు టైరు పంక్చరైతే బురదలో జాకీ పెట్టడానికి గట్టి చోటే దొరకదు. చక్రం కింద ఏది పెట్టినా బండి కదిలేటప్పుడు అది వెనక్కి ఎగిరి వస్తుంది, కాబట్టి వెనకా ముందూ మనిషి ఉండకూడదు. తోయడానికి ఎవరినీ పిలవొద్దు. రెండు టన్నుల బండిని నలుగురు తోస్తే వచ్చే లాభం ఏమీ లేదు, ఆ నలుగురూ పడే చోట ఉంటారు, అంతే.

ఇంకో బండితో లాగించాల్సి వస్తే లాగే బండి గట్టి నేల మీద ఉండాలి, అందుకు ఎంత పొడుగు తాడు కావాలో అంత పొడుగు తాడు తెచ్చుకోవాలి. రెండో బండి కూడా దిగబడి, దాన్ని లాగడానికి మూడోది వచ్చి, మూడూ కయ్యలోనే తెల్లవార్లూ ఉన్నది నేను చూశాను. వదులు తాడుతో పరుగెత్తి ఒక్క జెర్క్ ఇవ్వొద్దు. తాడు మెల్లగా బిగుసుకోనిచ్చి అప్పుడు లాగాలి. నైలాన్ తాడు రబ్బరులా సాగి, తెగినప్పుడు కొరడాలాగా వస్తుంది, దాని కొసన ఇనుప కొక్కెం ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. తాడు మధ్యలో తడి గోనెసంచి ఒకటి బరువుగా వెయ్యి, చూసేవాళ్ళను తాడు పొడుగుకు ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబెట్టు. మన ఊళ్ళలో బండి దిగబడితే సగం ఊరు వచ్చి చుట్టూ నిలబడుతుంది. పిల్లలను గట్టు మీదికి పంపించాకే క్లచ్ వదులు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒకే మూలలో రెండుసార్లు దిగబడింది అన్నావు. ఆ మాట చదవగానే నాకు బండి మీద అనుమానం పోలేదు, ఆ మూల మీదే పోయింది.

ఏళ్ళ తరబడి వరి పండే మడిలో ఒక జానెడు లోతున గట్టి పొర ఉంటుంది. ఏటా అడుసు దున్ని దున్ని, తొక్కి తొక్కి ఏర్పడిన పొర అది. పైన ఎంత అడుసున్నా చక్రం ఆ పొర మీద నడుస్తుంది. ఆ పొర ఎక్కడ లేదో అక్కడే దిగబడుతుంది. ఎక్కడ ఉండదు? పాత బావి పూడ్చిన చోట. జేసీబీతో చదును చేసి కొత్త మట్టి తోలిన చోట. చెరువు కట్ట కింద ఊట పట్టే చోట, తూము కాలువ లీకయ్యే చోట. ఎనుములు పొర్లే చోట. నీ మూల చెరువు కట్టకు దగ్గరగా ఉందా? మొరవ పోయే రోజుల్లో, అంటే చెరువు నిండి పొర్లే రోజుల్లో, అక్కడ నీళ్ళు వాటంతట అవే చిమ్ముతున్నాయా? ఇంట్లో పెద్దవాళ్ళను అడుగు, అక్కడ పూర్వం బావో గుంటో ఉండేదేమో. మనకు పత్రాల్లో లేని సంగతులు వాళ్ళ తలల్లో ఉంటాయి.

నేను ఏ కొత్త మడిలో దిగినా ముందు చెప్పులు విప్పి నడుస్తాను. బాడుగ ఇచ్చేవాళ్ళు విసుక్కున్నా సరే. చేతిలో గడ్డపార ఉంటుంది, పది అడుగులకొకసారి గుచ్చుతాను. జానెడు దిగి టక్కున ఆగితే పొర ఉన్నట్టు. ఆగకుండా మూరెడు దిగితే ఆ చోట కర్ర పాతి, చుట్టూ వదిలేసి దున్నుతాను.  2021 నవంబరులో, తిరుపతి మునిగి, రాయలచెరువు కట్టకు లీకు పడి జనం హడలిపోయిన ఆ రోజుల తరువాత, స్వర్ణముఖి పక్కన చాలా మడుల్లో ఇసుక మేట వేసింది. పైన చూస్తే తెల్లగా ఆరిన ఇసుక, నడిస్తే గట్టిగా ఉన్నట్టే ఉంది. గడ్డపార గుచ్చితే జానెడు ఇసుక కింద మెత్తటి అడుసు, పెరుగులాగా. ఆ రోజు గుచ్చకపోయి ఉంటే నా బండి ఇరుసు దాకా దిగేది.

అడుసు దున్నేటప్పుడు బండిని ఎట్లా సిద్ధం చేయాలో చెబుతాను. పొడి దుక్కికి, లోడుకు బరువు మేలు చేస్తుంది, అందుకే వెనక టైర్లలో నీళ్ళు నింపుతారు, చక్రాలకు ఇనుప వెయిట్లు బిగిస్తారు. అడుసులో ఆ బరువే శత్రువు. నువ్వు పాత బండి కొన్నావు కాబట్టి వెనక టైర్లలో నీళ్ళున్నాయేమో చూసుకో: వాల్వు కిందికి వచ్చేటట్టు చక్రం తిప్పి పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్ళు చిమ్ముతాయి. ఉంటే తీయించు. వెయిట్లు ఉంటే విప్పు. రోడ్డు మీద లోడుకు పట్టిన గాలితోనే మడిలో దిగొద్దు. నా బండికి వెనక టైర్లకు పొలంలో 12 పౌండ్లు, లోడుకు 18 పెడతాను. నీ టైరు సైజును బట్టి బండి పుస్తకంలో ఉన్నది చూసి పెట్టుకో. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని నేల మీద బరువు పంచుతుంది. మళ్ళీ రోడ్డెక్కే ముందు నింపుకోవడం మరచిపోవద్దు.

తరువాత కేజ్ వీల్స్, అంటే అడుసులో పట్టు కోసం పెట్టే ఇనుప పట్టీల చక్రాలు. హాఫ్ కేజ్ అంటే టైరు పక్కన బిగించేది, ఫుల్ కేజ్ అంటే టైరు తీసేసి దాని చోట పెట్టేది. నీ మూడెకరాలకు హాఫ్ కేజ్ చాలు, లోతు అడుసు ఉండే మడులకే ఫుల్ కేజ్ కావాలి. కేజ్ వీల్స్‌తో తారు రోడ్డు మీద పోవద్దు. రోడ్డు చీలికలు చీలికలవుతుంది, కేసు రాస్తారు, పైగా ఆ అదురుకు ఇరుసు బేరింగులు పోతాయి. ట్రాలీలో వేసుకుని పోయి గట్టు దగ్గర బిగించుకో.

నీళ్ళ సంగతి చాలామందికి తెలియదు. సగం ఆరిన కయ్యలో కన్నా నీళ్ళు నిండా ఉన్న కయ్యలో దున్నడమే సులువు. నీళ్ళు మూడు నాలుగు వేళ్ళ లోతు నిలబడి ఉంటే మట్టి చక్రానికి అతుక్కోకుండా జారిపోతుంది. నీళ్ళు ఇంకిపోయి మట్టి జిగురుగా మారినప్పుడు టైరు గాడులన్నీ నిండిపోయి చక్రం నున్నటి రోకలిలాగా అవుతుంది. అప్పుడు పట్టు ఎక్కడిది? కాబట్టి వరికి దున్నాలంటే ముందురోజే నీళ్ళు పెట్టి నానబెట్టు, లేదంటే పూర్తిగా ఆరనివ్వు. ఈ రెండింటి మధ్య దిగొద్దు.

రోటవేటర్ గురించి ఒక మాట. కల్టివేటర్ (పళ్ళ నాగలి) బండిని వెనక్కి పట్టి లాగుతుంది. రోటవేటర్ బ్లేడ్లు బండి చక్రం తిరిగే వైపే తిరుగుతూ నేలను తన్నుతాయి, అందువల్ల బండిని కొంచెం ముందుకు తోస్తాయి. కల్టివేటర్‌తో ఆగిపోయే చోట రోటవేటర్‌తో దాటిపోయేది అందుకే. కానీ అది నాలుగు వందల కిలోలకు పైనుంటుంది, పైకెత్తి తిరిగితే ఆ బరువంతా వెనక ఇరుసు మీద పడుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి. కాబట్టి మెత్తటి చోట మూల తిరిగేటప్పుడు నడుము ఎత్తుకు లేపొద్దు, బ్లేడ్లు నేల తప్పించుకునేంత లేపితే చాలు. బ్లేడ్లకు గడ్డి చుట్టుకుంటే ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, అప్పుడు చెయ్యి పెట్టు. పీటీఓ, అంటే పనిముట్టును తిప్పే వెనక షాఫ్టు, తిరుగుతుండగా దగ్గరికి పోవద్దు. లుంగీ, భుజం మీద తువ్వాలు రెండూ ఆ షాఫ్టుకు ఒక్క క్షణంలో చిక్కుతాయి. నేను పొలంలో ప్యాంటే వేస్తాను.

వాన వెలిసిన ఎన్నాళ్ళకు అన్నావు. రోజులు లెక్కపెట్టడం కాదు, పదును చూడాలి. మా నాయన మడక కట్టేముందు మట్టి పిడికిట్లో పట్టి చూసేవాడు, నేనూ అదే చేస్తాను. దుక్కి లోతు నుంచి, అంటే పైనున్నది కాకుండా జానెడు కింది నుంచి పిడికెడు మట్టి తియ్యి. గట్టిగా నొక్కు. నీళ్ళు మెరుస్తూ కనిపించినా, బొటనవేలితో రుద్దితే రిబ్బన్‌లా సాగినా ఇంకా పదును రాలేదు. ముద్ద అయి, నడుము ఎత్తు నుంచి వదిలితే కిందపడి పొడిపొడిగా చెదిరితే పదును వచ్చినట్టు. ముద్ద ముద్దగానే ఉండిపోతే ఇంకో రెండు రోజులు ఆగు. చెనక్కాయ వేసే ఎర్ర ఇసుక నేల రెండు మూడు రోజులకే పదునుకు వస్తుంది. చెరువు కింద బంకమట్టి వారం పది రోజులైనా తీసుకుంటుంది. ఒకే ఊళ్ళో ఒకే వాన తరువాత రెండు చేలకు వారం తేడా ఉంటుంది, పక్కవాడు దిగాడని మనం దిగకూడదు.

ఆగలేక తడి మీద దున్నితే నష్టం ఈ ఏడుతో పోదు. వరి మడిలో అడుగున గట్టిపడితే మేలే, నీళ్ళు ఇంకిపోకుండా ఆపుతుంది. చెనక్కాయ చేలో, మామిడి తోటలో, చెరకులో అదే పని చేస్తే వేరు కిందికి దిగదు. తడి మట్టి మీద చక్రం పోయిన చోట మట్టిలో గాలి ఆడే సందులన్నీ మూసుకుపోతాయి, ఎండాక ఇటుకలాగా గట్టిపడుతుంది. పైన పచ్చగానే కనిపిస్తుంది, కాయ పీకితే తెలుస్తుంది, ఊడలు దిగక కాయ పట్టదు. తరువాత వేసవిలో సబ్‌సాయిలర్ (లోతున గట్టి పొరను చీల్చే నాగలి) పెట్టి పగలగొట్టాల్సి వస్తుంది. మా ప్రాంతంలో ఒక మామిడి తోటలో వరుసగా మూడేళ్ళు కార్తీక మాసపు తడిలోనే రోటవేటర్ వేయించారు. నాలుగో ఏడు వాన పడితే నీళ్ళు చెట్ల పాదుల్లో రోజుల తరబడి నిలబడిపోయేవి.

ఫోర్ వీల్ డ్రైవ్ సంగతి నా అభిప్రాయం చెబుతాను. మంచిదే. ముందు చక్రాలు కూడా లాగుతాయి, గెనిమ ఎక్కడం సులువు, లోతు అడుసులో తేడా బాగా తెలుస్తుంది. రోజూ బాడుగకు తిరిగేవాడైతే తప్పకుండా తీసుకోమంటాను. కానీ పొట్ట ఆనిన బండికి నాలుగు చక్రాలు తిరిగినా ఒకటే. పైగా అది ఇంకా లోపలిదాకా పోయి దిగబడుతుంది, అక్కడినుంచి లాగడం ఇంకా కష్టం. మూడెకరాల కోసం ఉన్న బండి అమ్మి అప్పు చేయొద్దు. హాఫ్ కేజ్ కొను, ఆ మూలను బాగుచేయి, ఈ రెండింటితో నీ కష్టం చాలావరకు తీరుతుంది. కోతల్లో వాన పడితే టైరు హార్వెస్టర్‌ను మడిలోకి రానివ్వకు, చైన్ హార్వెస్టర్‌ను పిలిపించుకో. బాడుగ ఎక్కువే కానీ నేల మిగులుతుంది.

నువ్వు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. వానల్లో గెనిమలు, కాలువ ఒడ్లు, పాత బావుల అంచులు లోపల నానిపోయి ఉంటాయి. చూడటానికి ఎప్పటిలాగే ఉంటాయి. మన జిల్లాల్లో చుట్టుగోడ లేని దిగుడు బావులు ఎన్నో ఉన్నాయి, గడ్డి పెరిగి అంచు కనపడదు. కాలువ ఎంత లోతుంటే దాని ఒడ్డుకు కనీసం అంత దూరంలో నడపాలి. ఆరడుగుల లోతు కాలువైతే ఆరడుగులు వదిలేయాలి. బావి అయితే ఇంకా దూరం, దాని దగ్గర మూల తిరగనే తిరగొద్దు. గెనిమ ఎక్కాల్సి వస్తే దానికి ఎదురుగా, నేరుగా ఎక్కు, ఏటవాలుగా ఎక్కితే బండి పక్కకు పడుతుంది. నిలువుగా ఉండే గట్టైతే వెనక్కి గేరులో ఎక్కు, ముక్కు లేచే భయం ఉండదు. మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోబెట్టుకోవద్దు, అన్నం క్యారియర్ తెచ్చిన పిల్లోడైనా సరే. రెండు బ్రేకులనూ కలిపే కొక్కెం మడిలో విప్పి ఉంటావు కదా, రోడ్డెక్కే ముందు మళ్ళీ తగిలించు. అది మరచిపోయి రోడ్డు మీద ఒక పక్క బ్రేకే తొక్కితే బండి గిరుక్కున తిరిగి పల్టీ కొడుతుంది.

పని అయ్యాక బండిని కాలువలో కడిగి అట్లాగే నిలబెట్టేయొద్దు. బురదలో ముందు హబ్బులు మునిగి ఉంటాయి, గ్రీజు గన్‌తో పాత గ్రీజు నీళ్ళతోపాటు బయటికి వచ్చేదాకా కొట్టు. నీ బండి రెండుసార్లు ఇరుసు దాకా దిగింది కాబట్టి వెనక ఆయిల్ ఒకసారి చూడు, డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలలాగా తెల్లగా కనిపిస్తే నీళ్ళు పోయినట్టు. ఆ ఆయిల్‌తో ఒక్కరోజు కూడా నడపొద్దు, మార్పించి సీల్ చూపించు. రేడియేటర్ ముందు జాలీలో గడ్డి, బురద పేరుకుంటే నీడలో కూడా ఇంజన్ కాగుతుంది.

ఇక నీ మూలకు. రేపు గడ్డపార తీసుకుని వెళ్ళి దాని చుట్టూ గుచ్చి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా మెత్తగా ఉందో చూసి నాలుగు కర్రలు పాతు. ఈ పంటకు అంత మేర చేత్తో తవ్వించి నాటు వేయించు, బండి తీసుకుపోవద్దు. వేసవిలో చెరువు ఎండాక అక్కడ ఊట ఉందేమో చూసి, ఉంటే గట్టు వారన ఒక చిన్న కాలువ తీసి నీళ్ళు పక్కకు పోయేటట్టు చేయి. పూడ్చిన గుంట అని తేలితే మెత్తటి మట్టి తవ్వి తీసేసి, గరుసు మట్టి పొరలు పొరలుగా, ఒక్కో పొరకు నీళ్ళు చల్లి బండితో తొక్కిస్తూ నింపు. చెరువు పూడిక మట్టి మాత్రం అక్కడ వేయించొద్దు, అది మడికంతా ఎరువుగా చల్లుకో. పైన జానెడు మీ పాత మట్టే మళ్ళీ వేసుకుంటే వరికి ఏ ఇబ్బందీ రాదు. గడ్డపార గుచ్చి చూశాక ఎంత లోతు దిగిందో రాయి, ఊటా గుంటా అన్నది చూసి చెబుతాను.